బడి బస్సులో ఉడుకునీళ్ళు

ఆ రోజుల్లో ఎవరైనా "ఏ బడికి పోతాండావు పాపా?" అని అడిగితే నాకు జవాబు తోచేది కాదు. ఏ బడికీ పోలేదన్నది నిజం. కానీ పదేళ్ళ వయసు నుంచి పదహారు దాకా నేను తిన్నదీ, పడుకున్నదీ, ఎక్కాలు నేర్చుకున్నదీ బడి బస్సులోనే. పిల్లలు లేని బడి బస్సు అన్నమాట. మా నాయన వరికోత మిషన్లు బాగుచేసేవాడు. కోతలు నంద్యాల వైపు ఉంటే నంద్యాలలో, ఆళ్ళగడ్డకు జరిగితే ఆళ్ళగడ్డలో, మధ్యలో సంజామల నుంచి ఫోను వస్తే అక్కడ. మిషన్ ఎక్కడ ఆగిపోతే మా కాపురం అక్కడ. అద్దె ఇళ్ళు మారి మారి అమ్మ విసిగిపోయాక, ఎవరో ఇక పనికిరాదని పక్కన పెట్టిన బడి బస్సును నాయన కొన్నాడు. సీట్లు పీకేసి మంచాలు వేశాడు, గ్యాస్ పొయ్యి పెట్టాడు, వెనక చివర రేకులతో బీరువా అంత స్నానాల గది కట్టాడు. అన్నీ చేశాడు గానీ రంగు మాత్రం మార్చలేదు. ("ఇంజను బాగుండాది, రంగుతో ఏం పని?" అనేవాడు.) కాబట్టి మా ఇల్లు పసుపుపచ్చగా, చెరిపేసిన బడిపేరు అక్షరాల నీడతో ఊరూరా తిరిగేది. బడి టైములో రోడ్డు పక్కన ఆపితే పిల్లలు చేతులెత్తి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. నాయన హారన్ కొట్టి, తల అడ్డంగా ఊపి, వెనక్కి పంపేవాడు.

నాకు చదువు చెప్పింది ఆ బస్సులో వాళ్ళే. తెలుగు అమ్మ దగ్గర, బైబిలూ పాత పేపర్లూ పెట్టుకుని. లెక్కలూ సైన్సూ నాయన దగ్గర, చేతికి గ్రీజు అంటుకోకుండా ఒక్క పాఠమూ అయ్యేది కాదు. పాటలూ ప్రార్థనా అవ్వ, అంటే నాయన అమ్మ దగ్గర. దేవుడు నాకు ఇచ్చిన మంచి వాటిలో ఆ ముగ్గురు టీచర్లను ఇప్పటికీ ముందు లెక్కపెడతాను. అయితే బస్సులో ఒక్క కొరత ఉండేది: ఉడుకునీళ్ళు. కోతల కాలమంటే చలికాలం. తెల్లవారి ఆరింటికి కాలవ పక్కన బస్సాపుకుని చన్నీళ్ళు పోసుకోవడమంటే పెద్దవాళ్ళకైనా ప్రాణసంకటమే. గ్యాస్ మీద కాస్తే సిలిండర్ నెల తిరక్కుండానే అయిపోతుందని అమ్మ గోల. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. "నాయనా, ఇంజను అంత వేడెక్కుతాది గదా, ఆ వేడంతా యాడికి పోతాంది?" అని అడిగాను. ఆయన స్పానర్ కింద పెట్టి నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. వారం తిరక్కుండా ఇంజను వేడి తగిలేలా రాగి గొట్టం చుట్టలు చుట్టి, అందులోంచి నీళ్ళు తిరిగి వెనక ఉన్న అరవై లీటర్ల డ్రమ్ములోకి పోయేలా అమర్చాడు. బస్సు ఇరవై కిలోమీటర్లు నడిస్తే చాలు, డ్రమ్ము మీద చెయ్యి ఆనించలేం. నడవకపోతే మాత్రం చన్నీళ్ళే. (స్నానానికి పెట్రోలు బంకు దాకా పోయి వచ్చే కుటుంబం జిల్లాలో మాదొక్కటే అనుకుంటాను.) అవ్వ మాత్రం ఆ నీళ్ళు ముట్టలేదు. "ఇంజను చెమట నాకొద్దమ్మా" అనేది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఆమె కోసం అమ్మ రోజూ ఒక డేగిసా నీళ్ళు పొయ్యి మీదనే కాచేది.

మా మేనత్త, అంటే నాయన అక్క, నంద్యాలలో హెడ్‌మిస్ట్రెస్. మేనకోడలు బడి మొహం చూడకపోవడం ఆమెకు గుండెలో ముల్లు. ఆ డిసెంబరులో ఆళ్ళగడ్డ చర్చిలో బంధువుల పెళ్ళి వచ్చింది. శనివారం సెలవు పెట్టి, "మీ బండిలోనే వస్తాలేరా, దాని చదువు యాడికొచ్చిందో దారిలో చూస్తా" అని ఫోను చేసింది. నాయన ఎవరి మాటైనా తీసేస్తాడు గానీ అక్క మాట తీసెయ్యడు. "సూడుక్కా. నువ్వు సాలదంటే జూన్‌లో హాస్టల్లో చేరుస్తా" అనేశాడు. డోన్‌లో హాస్టలు కూడా అత్త చూసిపెట్టింది. అక్కడ ఆడపిల్లలు తెల్లవారి ఐదింటికి తొట్టిలో చన్నీళ్ళు పోసుకుని వరసలో నిలబడతారని ఆమె మెచ్చుకోలుగా చెప్పింది. నాకు ఆ రాత్రంతా ఆ తొట్టే కళ్ళముందు కనిపించింది. అమ్మానాయనలను వదిలిపోవడం ఎంత కష్టమో చెప్పలేను గానీ, ఏడుపు మాత్రం తొట్టి దగ్గరే వచ్చింది.

శనివారం తెల్లవారి నంద్యాలలో అత్త సూట్‌కేసుతో ఎక్కింది. ఎక్కగానే, "తలంటుకోవాల. ఇంటికాడ టైము సాల్లేదు. ఉడుకునీళ్ళు ఉంటాయంట గదా?" అంది. నా పరీక్ష అదేనని నాకు అర్థమైంది. బస్సు కదిలింది మొదలు రాగి గొట్టం సంగతి ఆమెకు అప్పజెప్పాను. "డ్రమ్ము అరవై లీటర్లు అత్తా. అవ్వకు వద్దు కాబట్టి మనం నలుగురం. మనిషికి పదహైదు లీటర్లు. మన చెంబు లీటరు చెంబు. అంటే పదహైదు చెంబులు." అత్త తలాడించింది. "లెక్క బాగుండాది" అంది. నేను లోలోపల దేవునికి కృతజ్ఞతలు కూడా చెప్పేసుకున్నాను. కొంచెం ఆగి చెప్పుకోవలసింది.

మా వైపు స్నానం చెయ్యరు, నీళ్ళు పోసుకుంటారు. చెంబు ముంచితే ఒక చప్పుడు, పోస్తే ఒక చప్పుడు. బయట కూర్చున్నా ఎన్ని చెంబులైనాయో చెవికి తెలుస్తుంది. నా లెక్కంతా ఆ చెంబు మీదే నిలబడింది. కానీ అక్క వస్తోందన్న సంబరంలో నాయన ముందురోజు పాతసామాన్ల అంగడి నుంచి ఒక షవరు తెచ్చి బిగించాడు. షవరులో మనిషి నీళ్ళు పోసుకోడు, నీళ్ళ కింద నిలబడతాడు. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, ఏ పేపర్లోనూ రాయలేదు.

శిరివెళ్ళ దాటాక నాయన ఒక ఊరి మలుపులో బస్సు ఆపాడు. (నడిచే బస్సులో నీళ్ళు పోసుకోనని అత్త ఖచ్చితంగా చెప్పింది.) ఆయన దిగి ముందుకు పోయి బానెట్ ఎత్తాడు. అమ్మ అవ్వ డేగిసా పొయ్యి మీద పెట్టింది. అత్త సీకాయ పొడి గిన్నెతో లోపలికి పోయి గడియ పెట్టుకుంది. షవరు సొగసుగా మోగడం మొదలైంది. మోగుతూనే ఉంది. నేను చెంబుల శబ్దం కోసం చెవి పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడే తలుపు దగ్గర కలకలం వినిపించింది. చూసేసరికి టైలు, షూలు, క్యారియర్లతో ఇరవైమంది పిల్లలు బస్సెక్కేస్తున్నారు. హారన్ కొట్టి తల ఊపాల్సిన నాయన తల బానెట్‌లో ఉంది.

"ఇది మీ బస్సు కాదు, దిగండి!" అన్నాను.

"పచ్చ బస్సే గదక్కా" అంది ముందున్న పిల్ల. "సీట్లు యాడికి పోయినాయి?"

"మంచాలు ఏసినారురోయ్!" అని వెనక నుంచి ఒక కేక. అందరూ మా మంచాల మీదికి ఎక్కారు.

ఆ గోల విని రేకుల వెనక నుంచి అత్త గొంతు గర్జించింది. "ఏందీ గోల! ఎవురది? నోర్మూసుకోని కూచోండి!"

ముప్పై ఏళ్ళ సర్వీసు ఆ గొంతులో ఉంది. ఇరవైమందీ ఎక్కడివాళ్ళక్కడ చేతులు కట్టుకుని కూర్చున్నారు. అవ్వ పక్కన ఇద్దరు, బియ్యం మూట మీద ముగ్గురు. అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే షవరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

"మ్మే!" ఈసారి అత్త గొంతు వేరుగా ఉంది. "నీళ్ళు రాల్యా. కండ్లలో సీకాయ పడింది. బేగా ఏదన్నా చెయ్యి!"

అరవై లీటర్లూ అయిపోయాయి. నేను తల బయటపెట్టి "నాయనా, డ్రమ్ము నింపి బస్సు తీ! ఉడుకునీళ్ళు అయిపోయినాయి!" అని అరిచాను. ఆయన లోపలికి చూసి కొయ్యబారిపోయాడు. "యాడ తీసేది? ఊరి పిల్లోళ్ళను ఎక్కించుకోని పోతే, ఎత్తుకపోతాండాడని నన్ను తంతారు!"

"చన్నీళ్ళు ఉండాయి వదినా, ఇమ్మంటావా?" అంది అమ్మ.

"సల్లనీళ్ళు తలమీద పడితే నాకు గొంతు పోతాది! పెండ్లిలో వాక్యం సదివేది నేను గదే! అబ్బబ్బా, మంట!"

నాకు డోన్ తొట్టి మళ్ళీ కనిపించింది. బస్సులో ఉన్న ఉడుకునీళ్ళన్నీ ఇప్పుడు ఆ డేగిసాలోనే ఉన్నాయి. అవి అవ్వవి. ఆమె అప్పటికే పెళ్ళిచీర ఒళ్ళో పెట్టుకుని తన వంతు కోసం కూర్చుని ఉంది. నేను అడగలేదు. ఊరికే ఆమెవైపు చూశాను.

"నన్నేం సూస్తాండావే?" అంది అవ్వ. "తీస్కపోయి పొయ్యి. నా కూతురి కండ్లు మండుతాంటే నాకు ఉడుకునీళ్ళు దిగుతాయా? నేను సల్లనీళ్ళు పోసుకుంటాలే. దేవుడు ఎండ ఇచ్చినాడు, సాల్దా?"

అమ్మా నేనూ కొంచెం చన్నీళ్ళు కలిపి నీళ్ళు తొలిపి తలుపు సందులోంచి చెంబు చెంబుగా అందించాం. ఈసారి లెక్క చెవికి తెలిసింది, సరిగ్గా పన్నెండు. అంతలో అసలు బస్సు వచ్చి హారన్ కొట్టింది. పిల్లలు లేవబోయి ఆగారు. చివరికి ఆ ముందున్న పిల్లే రేకుల వైపు తిరిగి, "మేడమ్, పోవచ్చా?" అని అడిగింది. "ఒకరెనక ఒకరు దిగండి. తోసుకోకండి" అని అనుమతి వచ్చింది. అంత క్రమంగా పిల్లలు బస్సు దిగడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

అత్త తలకు తువ్వాలు చుట్టుకుని, మందారపువ్వుల్లాంటి కళ్ళతో బయటికి వచ్చి మంచం మీద కూర్చుంది. బస్సు కదిలింది. తువ్వాలు అంచుతో కళ్ళు ఒత్తుకుంటూ నావైపు చూసింది.

"మ్మే, నా వంతు ఎంతంటివి?"

"పదహైదు లీటర్లు అత్తా."

"నేనెంత పోసుకున్యా?"

"డ్రమ్ము అరవై. అవ్వవి పన్నెండు. డెబ్బై రెండు."

"ఎంత ఎక్కువ?"

"యాభై ఏడు" అన్నాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్‌కు అంత కచ్చితంగా చెప్పాల్సిన అవసరం లేదు.

అత్త నాయనవైపు తిరిగింది. "ఒరే, దీనికి లెక్కలొస్తాయి. మనుషులు నీళ్ళు ఎట్ల పోసుకుంటారో మాత్రం తెలీదు. అది హాస్టల్లో కూడా చెప్పరులే. ఈడనే ఉండనీ." అంతే. బస్సు కాసేపు కొంచెం వేగంగా పోయింది.

ఆళ్ళగడ్డ చేరేముందు అవ్వ స్నానాల గదిలోకి పోయింది. నేను బయట నిలబడి లెక్కపెట్టాను. చన్నీళ్ళు చెంబు తరువాత చెంబు. మధ్యమధ్య "అబ్బబ్బబ్బా, స్తోత్రం తండ్రీ" అని వణుకు. పదిహేను పూర్తయ్యాయి. పౌడరు వాసనతో, పెళ్ళిచీరలో అవ్వ నవ్వుతూ బయటికి వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. "ఊరుకోవే, హాయిగా ఉండాది" అంది.

ఆ తరువాత చాలా ఏళ్ళకు, ప్రైవేటుగా పరీక్షలన్నీ కట్టి, నంద్యాలలో ఇల్లు కట్టుకుని, మిద్దె మీద సోలార్ హీటరు పెట్టించుకున్నాక, అవ్వ కాలం చేసిన ఏటికి అమ్మ ఒక మాట చెప్పింది. ఆరోజు అవ్వ చీర మార్చుకోవడానికి సాయం పోయింది అమ్మే. అవ్వ ముఖం, కాళ్ళు తుడుచుకుని, పొడి ఒంటికి పౌడరు చల్లుకుందట. ఆ పదిహేను చెంబులూ రేకు నేల మీద పోసిందట. "అది బయట నిలబడి లెక్కపెడతాంటాది. ఒకటి తగ్గినా కుములుతాది" అందట.

మబ్బు పట్టిన రోజు మిద్దె మీది నీళ్ళు అందరికీ సరిపోవు. అమ్మకిచ్చి, నేను తలుపేసుకుని చన్నీళ్ళ చెంబు అందుకుంటాను. అమ్మ బయట వింటూ ఉంటుంది గదా, ఇప్పుడు కూడా పోయడం నేలమీదే. "అబ్బబ్బా" మాత్రం నాకు అవ్వలాగా రాదు.