దండెం గుంజే ఇల్లు

సీమోను జీవితం మొత్తంలో ఒక్కడి మీదే పగబట్టాడు. ఆ ఒక్క పగనూ ఏ లోటూ లేకుండా పట్టాడు. ఆ ఒక్కడు బోధన్‌లో చెరుకు పండించే బాపురావు పటేలు.

సీమోను నిజామాబాద్‌లో మిషన్ ఆస్పత్రి ఇంజను గదిలో కరెంటు పని నేర్చి, పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో బోధన్ వచ్చాడు. పటేలు వీధిలో సగం ఇళ్లకు తీగలు లాగింది అతనే. అయినా పటేలు ఇంటికి వెళ్లిన ప్రతిసారీ రబ్బరు చెప్పులు గేటు బయట విడవాలి. కరెంటు పనివాడి ప్రాణానికి రబ్బరు చెప్పులే రక్ష. ఆ సంగతి పటేలుకు తెలియక కాదు.

"నీ పానం కోసం మా ఇల్లు మైల జేసుకుంటమారా?" అని నవ్వేవాడు.

పదహారేళ్లు సీమోను ఆ వరండాలో వట్టికాళ్లతో నిచ్చెనెక్కాడు. వరండా దాటి లోపలికి గాని, బావి ఉన్న వెనక దొడ్లోకి గాని అతన్ని రానివ్వరు. అక్కడి తీగలు ఆత్మారాం అనే ఇంకో పనివాడు వేశాడు.

డెబ్బై అయిదు వానాకాలంలో పటేలు బర్రె పొలంలో మోటారు దగ్గర కరెంటు తగిలి చచ్చింది. మంచి పాడి బర్రె. పటేలు వారం రోజులు సరిగ్గా తిండి తినలేదు. సంగతి తెలిసి, బొంబాయి ఓడరేవులో పనిచేసే బామ్మర్ది దేవిదాస్ ఇంటికి పెట్టుకొమ్మని జర్మనీ డబ్బా ఒకటి పంపాడు. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. ఫ్యూజు ఇల్లు తగలబడకుండా చూస్తుంది గాని మనిషిని పట్టించుకోదు. ఈ డబ్బా అట్లా కాదు. లోపలికి పోయిన కరెంటు పోయినంతా తిరిగి రాకపోతే, అది ఎవరి ఒంట్లోంచో భూమిలోకి దిగుతోందని పసిగట్టి టక్కున ఆపేస్తుంది.

సీమోను వరండా గోడకున్న పాత ఫ్యూజు పెట్టె, మెయిను కటౌట్ విప్పాడు. సన్నటి ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట లావుపాటి రాగి తీగ చుట్టి ఉంది. మాటిమాటికీ పోతోందని పటేలే చుట్టాడట. సీమోను కటౌట్ పీకేసి డబ్బా బిగించాడు. దాని పరీక్ష బొత్తాం పదిసార్లు నొక్కాడు. పదిసార్లూ టక్కుమంది.

మర్నాటి నుంచే గొడవ మొదలైంది. రోజూ పొద్దున తొమ్మిదింటికి, పటేలు తల్లి తారాబాయి రేడియోలో అభంగాలనే మరాఠీ భజనలు వినే వేళకు డబ్బా టక్కుమనేది, రేడియో మూగపోయేది. నాలుగో రోజు సీమోనుకు కబురొచ్చింది.

"పని రాదని ముందుగాల్నే చెప్పాలెరా. గా డబ్బా పీకేసి నా కటౌట్ నాకు పెట్టు" అన్నాడు పటేలు.

సీమోను ఏమీ పీకలేదు. డబ్బా మీట పైకి ఎక్కించి దాని ముందు కూర్చున్నాడు. తొమ్మిదింటికి టక్కుమంది. సరిగ్గా అప్పుడే వెనక దొడ్లో బకెట్ పడ్డ చప్పుడూ, "అవ్వో!" అనే కేకా వినిపించాయి.

కేక హన్మవ్వది. ఆ ఇంట్లో బట్టలు ఉతికే మనిషి. దండెం మీద తడిబట్టలు వేస్తుంటే చేతిని గుంజుతోందని రెండేళ్లుగా మొత్తుకుంటోంది. పని ఎగ్గొట్టే ఏషాలని తారాబాయి తిట్టిపోసేది. బర్రె చస్తే జర్మనీ నుంచి డబ్బా వచ్చింది. హన్మవ్వ నిలబడడానికి ఎండు చెక్క ముక్కయినా రాలేదు.

సీమోను పక్క సందులోంచి చుట్టు తిరిగి వెళ్లి దొడ్డి గుమ్మం అవతల నిలబడి చూశాడు. కేక విని పటేలూ దొడ్లోకి వచ్చాడు. దండెం ఇనుప తీగ. ఒక కొస కట్టె గుంజకు, రెండో కొస గోడ మేకుకు కట్టి ఉంది. ఆ మేకు కరెంటు తీగలు పరిచిన చెక్క పట్టీలోకే దిగి ఉంది.

"ఆ మేకు ఎవలు కొట్టిండ్రు పటేలా?"

"నేనే కొట్టిన. ఏందిరా అయితే?"

"తీగలకు దిగింది. దండెంల కరెంటున్నది. గీ డబ్బా తీస్తే హన్మవ్వ ఇయ్యాల గాకుంటే రేపు సస్తది."

పటేలు గోడదాకా వెళ్లి డబ్బాను మళ్లీ ఎక్కించి వచ్చాడు. అందరూ చూస్తుండగా దండెం పట్టుకున్నాడు. ఏమీ కాలేదు. హన్మవ్వ వైపు తిరిగి, "దొంగముండా, ఏదే కరెంటు?" అన్నాడు. హన్మవ్వ తల దించుకుంది.

పటేలు కాళ్లకు ఎండిన తోలు చెప్పులున్నాయి, అవి కరెంటును నేలలోకి దిగనివ్వవు. సీమోను వాటినే చూస్తున్నాడు. డబ్బా కాపాడుతుందని అతనికి తెలుసు. అబద్ధమెందుకు, కాస్త గట్టిగానే తగలాలని కూడా కోరుకున్నాడు.

"చెప్పులు ఇడువున్రి పటేలా" అన్నాడు.

ఆ మాట ఆ ఇంట్లో పదహారేళ్లుగా ఒకే దిక్కు నడిచింది. పటేలు ముఖం నల్లబడింది. పంతానికి చెప్పులు విసిరికొట్టి, బురదలో వట్టికాళ్లతో నిలబడి దండెం పట్టుకున్నాడు.

అరుపూ, టక్కుమన్న చప్పుడూ కలిసే వచ్చాయి. పటేలు బురదలో కూలబడ్డాడు. హన్మవ్వ వైపు చూడలేకపోయాడు.

"నడువ్ బయటికి. మల్ల ఈ గల్లీల కనవడకు" అన్నాడు సీమోనుతో.

మేకు పీకడానికి ఆత్మారాం వచ్చాడు. డబ్బాను మాత్రం ఎవరూ ముట్టలేదు. సీమోను పటేలుకు కరెంటు షాకు పెట్టాడని ఊరంతా చెప్పుకుంది. ఆ వీధిలో ఒక్క ఇల్లూ మళ్లీ అతన్ని పిలవలేదు.

"ఉన్న పని పోగొట్టుకున్నవు" అని భార్య యేసమ్మ రోజూ సాధించేది.

ఆదివారం ప్రార్థన వేళకు హన్మవ్వ చర్చి గేటు దగ్గర నిలబడి ఉంది.

"ఇప్పుడు గుంజుతలేదు సీమోనన్నా" అంది. "పటేలేమో దొడ్లకొస్తే చెప్పులిడుస్తలేడు. మైలని ఇడిచే బాయికాడ గూడ."

సీమోను పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు కరెంటు పనే చేశాడు. చెప్పులు విడిచి రమ్మన్న ఏ ఇంట్లోనూ తీగ ముట్టలేదు.