దొరసాని మేత చీటీ

1963 నవంబరు నాటికి బోధన్ పశువైద్యశాలలో వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా నా రెండేళ్ల ప్రొబేషన్ ముగింపుకు వచ్చింది. హోదా పేరు పొడుగే గానీ ఊళ్లో అందరికీ నేను గొడ్ల డాక్టరునే. ప్రొబేషన్ అంటే సర్కారు మనల్ని కొనబోయే ఎద్దులాగా రెండేళ్లు తోలి చూసి, ఉంచుకోవాలా వద్దా అని తేల్చుకోవడం. తేల్చవలసినవారు నిజామాబాద్‌లో కూర్చునే జిల్లా పశువైద్యాధికారి. ఆయన ‘సంతృప్తికరం’ అని ఒక్క మాట రాసి పైకి పంపితే ఉద్యోగం ఖాయం. రాయకపోతే ఇంకో ఏడాది పొడిగింపు, ఆయనకు మరీ కోపమొస్తే ఇంటికి.

అది చెరుకు నరికే కాలం. ఫ్యాక్టరీ దారిలో బండ్లు బారులు తీరి ఉండేవి. మెడ మీద కాడి పుండ్లు, చీలిన గిట్టలు, అన్నిటికంటే ఎక్కువగా కడుపు ఉబ్బరం. రైతులు బండి ఆగిన చోటల్లా పచ్చి చెరుకు కొసలు వేసేవారు, ఎద్దులు ఆబగా మేసి డోలులా ఉబ్బి కూలబడేవి. నేను, కాంపౌండర్ రాజయ్య పొద్దస్తమానం వాటి చుట్టూ తిరిగేవాళ్లం. కాంపౌండర్ అంటే మందులు కలపడం, కట్లు కట్టడం ఆయన పని. మా చిన్న ఆస్పత్రిలో గుమస్తా లేడు కాబట్టి ఫైళ్లు కట్టడం కూడా ఆయన నెత్తినే పడింది.

ఆ హడావుడిలో నిజామాబాద్ నుంచి అటెండర్ బస్సులో ఒక వెదురు బుట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అందులో తెలుపు, గోధుమ మచ్చలతో ఒక గినీ పిగ్, తోకలేని బొద్దు ఎలుకలాంటిది. వెంట ఇంగ్లీషులో టైపు చేసిన మెమో. జిల్లా అధికారి తన తల్లిగారికి కంటి ఆపరేషన్ చేయించడానికి హైదరాబాద్ తీసుకువెళ్తున్నారు. ఆరు వారాల పాటు ఆమె పెంచుకుంటున్న ఈ జంతువును నా సంరక్షణలో ఆరోగ్యంగా ఉంచాలి. దాని పేరు దొరసాని. జతపరచిన కాగితం ఒకటి.

ఆ జతపరచిన కాగితం నోటుబుక్కులోంచి చింపిన ముక్క. దాని మీద ఊదారంగు పెన్సిల్‌తో రాత, ఒక్కో అక్షరం గారె అంత ఉంది, వరసలు ఒకటి పైకి పోతే ఒకటి కిందికి. ఎవరో ముసలామె రాసిందని తెలుస్తూనే ఉంది. మూలన ‘సీన్’ అని రాసి అధికారి పొట్టి సంతకం. ఆఫీసు పద్ధతి ఏమిటంటే, వచ్చిన ప్రతి కాగితం మీదా ‘సీన్, ఫైల్’ అని రాసి సంతకం పెట్టాలి. చూశాను, ఫైల్లో పెట్టు అని దాని అర్థం. నేనూ అలాగే రాసి రాజయ్యకు ఇచ్చాను. ఆయన దాన్ని నాడాతో కట్టి బీరువాలో పెట్టాడు. పశువైద్యంలో డిగ్రీ చదివినవాడికి ఎలుకంత జంతువును సాకడం ఎలాగో ముసలామె చెప్పాలా అన్న పొగరు నాకు నిండుగా ఉండేది.

నిజం చెప్పాలంటే గినీ పిగ్ గురించి నాకు తెలిసినది చాలా తక్కువ. కాలేజీలో అది మాకు జంతువు కాదు, సామాను. రోగం ఉందో లేదో తెలుసుకోవడానికి దానికి సూది వేసి, చస్తుందా బతుకుతుందా అని చూసేవాళ్లం. పుస్తకంలో దాని ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఆఖరి వాక్యంలో అది చచ్చిపోయేది. అంటే దాన్ని చంపే మార్గాలన్నీ నాకు కంఠోపాఠం, బతికించే మార్గం ఒక్కటీ రాదు.

అయినా నేను వెనకాడలేదు. ఎద్దు బరువును దొరసాని బరువుతో భాగించి, ఎద్దుకు చెప్పిన దాణాను అదే లెక్కన తగ్గించి కాగితం మీద వేశాను. ఎండు చెరుకాకు, తవుడు, నానబెట్టిన శనగలు, నలుసంత బెల్లం. పచ్చిమేత మాత్రం ఒక్క పోచ కూడా వద్దని ఇంట్లో గట్టిగా చెప్పాను. ఉబ్బరంతో కూలిన ఎద్దులను రోజూ చూస్తున్నవాణ్ణి, అధికారి గారి అమ్మ గినీ పిగ్ నా ఇంట్లో ఉబ్బి చస్తే నా ప్రొబేషన్ కూడా దాంతోపాటే గోతిలోకి పోతుంది.

నా భార్య సుశీల బుట్టలో గోనెసంచి పరిచి, రోజూ మార్చి, ముంతలో నీళ్లు పెట్టేది. రెండు వారాలు దొరసాని దర్జాగా ఉంది. సుశీల గాజుల చప్పుడు వినబడితే చాలు, ఈలలు వేసేది. నా చప్పుడు వింటే బుట్ట మూలకు పోయేది. నన్ను చూసి కాలేజీ గుర్తొచ్చిందేమో.

మూడో వారం దాటాక ఈలలు ఆగిపోయాయి. వెంట్రుకలు గరుకెక్కాయి. ఎత్తుకుంటే కీచుమని ఏడ్చింది. వెనక కాళ్ల మోకాళ్లు వాచాయి, పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లలో రక్తం. రాజయ్యను పిలిపించాను.

రాజయ్య చూసి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “పెన్సిలిన్ గుద్దుదాం సార్” అన్నాడు. ఆ రోజుల్లో మాకు అన్ని రోగాలకూ అదే మందు. సిరంజి నింపాక నాకు క్లాసులో విన్న ముక్క గుర్తొచ్చింది, పెన్సిలిన్ ఈ జంతువుకు విషమని. సిరంజి కింద పెట్టేశాను. చంపే మార్గాల చదువు జీవితంలో ఆ ఒక్కసారి పనికొచ్చింది.

రాజయ్య గొంతు తగ్గించి ఇంకో ఉపాయం చెప్పాడు. “పట్నంల లాబొరేటరీలల్ల గిసొంటి విలాయతి ఎలుకలు మస్తుంటయట సార్. ఇది పోతే గదే రంగుది ఒకటి తెచ్చి బుట్టల పెడదాం. అవ్వకు ఎట్లాగు కండ్లు కానరావాయె.”

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట నాకు నచ్చింది. గోధుమ మచ్చ ఎడమ చెవి మీద ఉందా కుడి చెవి మీదా అని వంగి చూశాను కూడా. వంటింటి గడపలో నిలబడి అంతా విన్న సుశీల, “సిగ్గుండాలె ఇద్దరికి. అది ఇంక సావనే లేదు, మీరు దానికి సవితిని ఎతుకుతుండ్రు” అంది. రాజయ్య ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున సుశీల నేల మీద కూర్చుని కొత్తిమీర తుంచుతోంది. కాడలు పక్కన పడేస్తోంది. రెండు రోజులుగా కదలని దొరసాని ముందుకాళ్లతో పాక్కుంటూ, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ ఆ కాడల దాకా వచ్చింది. ఒకటి నోట కరుచుకుని నెమ్మదిగా నమిలింది. నేను వద్దు వద్దంటూ లేచాను.

“కూసోండ్రి జర” అంది సుశీల. “ఇన్ని దినాలు ఎండుగడ్డి, ఎండుగింజ! మనిషికైనా గట్ల పెడితే నోట్లకెల్లి రక్తం కారదా?”

మనిషికైనా అన్న మాట దగ్గర నా మెదడు కదిలింది. పండ్లూ కూరలూ లేక నెలల తరబడి ఓడల మీద తిరిగినవాళ్లకు వచ్చే జబ్బు, స్కర్వీ. చిగుళ్ల రక్తం, కీళ్ల వాపు. ఎద్దూ బర్రే విటమిన్ సి తమ ఒంట్లోనే తయారు చేసుకుంటాయి, బయటి నుంచి పెట్టనక్కరలేదు. మనిషికీ గినీ పిగ్‌కూ ఆ శక్తి లేదు. పరీక్షలో ఈ ప్రశ్నకు నేను జవాబు కూడా రాశాను. ఎద్దును భాగిస్తే గినీ పిగ్ రాదని మాత్రం నాకు తట్టలేదు.

కార్తీకం వెళ్లినా అంగట్లో ఉసిరికాయలు ఇంకా వస్తున్నాయి. రాజయ్య జేబుల నిండా తెచ్చాడు. రసం పిండి, నీళ్లు కలిపి, కళ్ల మందు వేసే గొట్టంతో పెదవి పక్క నుంచి చుక్క చుక్కగా పోశాం. కడిగి ఆరబెట్టిన గరిక, కొత్తిమీర, జామకాయ ముక్క. మూడు రోజులకు కీచుమనడం తగ్గింది. వారానికి నిలబడింది. పది రోజులకు సుశీల గాజులు గలగలమంటే మళ్లీ ఈల వేసింది. సుశీల కళ్లు తుడుచుకుంది. నేను హమ్మయ్య అనుకుని ప్రొబేషన్ గురించి కలలు కన్నాను.

ఆరు వారాలు దాటాక అధికారి గారు వార్షిక తనిఖీకి జీపులో వచ్చారు. పక్కన వాళ్ల అమ్మ, ఆయన అవ్వ అని పిలిచేవారు, ముక్కు మీద సోడాబుడ్డి కళ్లద్దాలు. ధర్పల్లి వైపు రైతు కుటుంబంలోని మనిషి, చేతులు ఇంకా పసుపు తవ్విన చేతుల్లాగే ఉన్నాయి. వరండాలో కుర్చీ వేశాం. దొరసానిని ఒడిలో పెట్టగానే ఆమె అద్దాలు తీసి పక్కన పెట్టింది. కళ్లు మూసుకుని వేళ్లతో తల నుంచి కాళ్ల దాకా తడిమింది. వేళ్లు వెనక మోకాలి దగ్గర ఆగాయి.

“దీనికి కాళ్ల నొప్పులొచ్చినయా బిడ్డా?”

కొంచెం జబ్బు చేసిందని, ఉసిరి పెడితే తగ్గిందని చెప్పాను.

“జబ్బు చేసినంక పెట్టినవా? ముందుగాలనే పెట్టుమని రాసిస్తి గదా.”

అధికారి గారు నా వైపు చూశారు. ఆ ఫైలు తెమ్మన్నారు. పదేళ్ల సర్వీసులో ఏ కాగితాన్నీ గంటలోపు వెతికి తెచ్చిన చరిత్ర లేని రాజయ్య ఆ రోజు నిమిషంలో తెచ్చాడు. నాడా విప్పి ఆయన చదివారు. ‘పొద్దుగాల గరిక. దినాం ఒక ఉసిరికాయ ముక్క. ఉసిరి లేకుంటే జామ. కొత్తిమీర కాడలంటే పానం. ఉత్త ఎండుమేత పెట్టొద్దు, కాళ్లు పడిపోతయి. దీని అక్క గట్లనే సచ్చింది.’ కింద నా సంతకం, మూలన ఆయన సంతకం.

అవ్వ అద్దాలు పెట్టుకుని చెయ్యి చాచింది. తన రాతను తను చూడటం ఆమెకు అదే మొదటిసారి. చాలాసేపు చూసింది.

“గిట్ల రాసిన్నా నేను! వేలు అడ్డం పెట్టుకుంట రెండు దినాలు రాసిన.” తర్వాత మా సంతకాల మీద వేలు పెట్టింది. “గీ ఇంగ్లీషుల ఏం రాసిండ్రు?”

కొడుకే చెప్పారు. “చూసినం అని రాసినమవ్వా.”

“కండ్లు లేనిదాన్ని నేను రాస్తిని. కండ్లున్నోళ్లు ఇద్దరు సూస్తిరి” అంది అవ్వ. కోపంగా కూడా అనలేదు. దొరసానిని కొంగులో చుట్టుకుని, సుశీల ఎక్కడ అని అడిగి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు ఇంకే రిజిస్టరూ తనిఖీ కాలేదు. తనిఖీ నివేదికలో ఆయన ఒకే వాక్యం రాశారు: జతపరచిన కాగితాలు చదవాలి, ఇది జిల్లా కార్యాలయానికి కూడా వర్తిస్తుంది. మరుసటి నెల నా ప్రొబేషన్ సంతృప్తికరమని ఉత్తర్వు వచ్చింది. నన్ను తప్పుపడితే ఆయన తనను కూడా తప్పుపట్టుకోవాలి మరి.

తర్వాత చాలా ఊళ్లు తిరిగాను, ఆయన కుర్చీలోనూ కొన్నాళ్లు కూర్చున్నాను. ఏ జంతువును తెచ్చినా రోజూ దానికి మేత వేసేది ఎవరని అడిగి, ఆ మనిషి చెప్పిందంతా విన్నాకే సూది ముట్టాను. నా బల్ల మీదికి వచ్చిన కాగితాల్లో జతపరచినదాన్ని ముందు చదివి, మెమోను తర్వాత చదివాను. ‘సీన్’ అని రాయడం మాత్రం ఆ రోజుతోనే మానేశాను.