మూడో వల

ఆకివీడు దాటాక చేపల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా దిగబడి మా షేర్ ఆటో ఆగిపోయింది. పక్కసీటు ముసలామె నా సంచీలోని పుస్తకాలు చూసి అడిగింది.

"చదువుకున్నోరిలా ఉన్నారు. పొలమంటే చెరువు కూడా వస్తుందాండీ?"

ఆమె పేరు యేసమ్మ. కోతప్పుడు పొలం ఓరలు, అంటే అంచులు, కోయకుండా వదిలేయాలని, రాలిన వెన్నుల పరిగె పేదలదని బైబిల్లో మోషే ధర్మశాస్త్రం. వయసంతా ఊరి చేలల్లో పరిగె ఏరుకుని బతికిన మనిషి. ఇప్పుడామె కౌలుకు తీసుకున్న చేను చేపల చెరువైంది. ఇవాళ మొదటి పట్టుబడి. తనతో పరిగె ఏరిన ఆడవాళ్ళు పొద్దున్నుంచీ గట్టున కూర్చున్నారట. వరికి ఓర ఉంది, చేపకు ఓరెక్కడ?

"పాస్టరుగారిని అడిగొస్తున్నానండీ, చర్చిలో కానుక వేస్తే చాలన్నారు. నాకే మనసొప్పట్లేదు."

ఎక్కడో యూదుల ఎండిన కొండల్లో యవల పంట కోసుకునేవాళ్ళకు చెప్పిన మాట కొల్లేటి దాకా నడిచొచ్చింది! పేదలకు వదిలేది పంటలో అరవయ్యో వంతుకు తగ్గకూడదని యూదు పండితులు అన్నారని నా పాండిత్యం వెళ్ళబోశాను.

"తూచి పెడితే దానమండీ అది. పరిగె ఎవరికి వాళ్ళు ఏరుకునేది."

లారీ కదల్లేదు. చెరువు దగ్గరేనంటే ఆమె వెంట నడిచాను. వల మేస్త్రీ జయకృష్ణ ఎదురొచ్చాడు.

"రెండు వలలు లాగేశామండీ. మూడోది దించమంటారా?"

"వద్దండీ."

"ఇంకా బోల్డు చేపుంది. ఒక్క కొరమీను మిగిలినా రేపేసే చేపపిల్లంతా దాని పొట్టలోకే. మీ మోషేగారేమైనా చెరువులు తవ్వించారాండీ?"

వలవాళ్ళు నవ్వారు.

"లేదండీ. నిరుటిదాకా ఇది పొలమేగా? నీళ్ళు పెడితే పేదోళ్ళ వాటా మునిగిపోద్దా? కొరమీను సంగతి ఆ గట్టుమీదోళ్ళు చూసుకుంటారు. బురదలో చెయ్యి పెట్టి మరీ లాగుతారు."

జయకృష్ణ తల గోక్కుని వల చుట్టించాడు. ఇంజను మిగిలిన నీళ్ళు తోడేయగానే ఆడవాళ్ళు చీరలు ఎగదోపి దిగారు. మంగాయమ్మ అనే ఆవిడ మూరెడు బొచ్చె చేపను రెండు చేతులా పైకెత్తింది.

"ఏమే యేసమ్మా! ఇంత పెద్దది వదిలేశావేంటే? పట్టుకుపో, నీదే!"

ఏడాదిపాటు మేత వేసి పెంచిన యేసమ్మ చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. చేలో మరిచిపోయిన పనకట్ట కోసం వెనక్కి తిరగొద్దని కూడా ఆ ధర్మశాస్త్రమే అంటుంది. నేను చెప్పలేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. చేపవైపు గానీ నావైపు గానీ చూడకుండా గట్టు మీద చరచరా వెళ్ళిపోయింది.