అన్నయ్య దించిన విమానం

ఫ్లయింగ్ క్లబ్‌లో అందరూ ఆమెను తోకమ్మ అనేవారు. అక్కడున్న పాత చిన్న విమానానికి మూడో చక్రం తోక కింద ఉంటుంది. దాన్ని నడపడం నేర్పేది ఆమె ఒక్కతే. ఆ పేరు పెట్టింది సొంత అన్నయ్యే. ఆయన పెద్ద విమానాలు నడిపి రిటైరై, క్లబ్‌కు అధ్యక్షుడయ్యాడు.

తోకచక్రం విమానంతో అసలు పేచీ నేలను తాకాకే మొదలవుతుంది. బరువంతా ముందు చక్రాల వెనక ఉంటుంది కాబట్టి, ముక్కు కాస్త పక్కకు తిరిగితే చాలు, తోక నేనే ముందుంటానంటుంది. పూర్తిగా ఆగేదాకా పాదాలు ముక్కును అటూ ఇటూ తిప్పే పెడళ్ల మీద ఆడుతూనే ఉండాలి.

ఒక మధ్యాహ్నం ఎడమనుంచి గాలి విసురుగా కొడుతోంది. ఆ విమానం తానూ నడుపుతానని అన్నయ్య వస్తే, ఇవాళ వద్దని ఆమె చెప్పింది. ఆయన నవ్వేసి ఎక్కాడు. ఆమె పక్క సీట్లో కూర్చుంది. దించడం బాగానే దించాడు. చక్రాలు ఆనగానే, పనైపోయిందన్నట్టు పాదాలు వెనక్కి తీసుకుని, చూశావా అన్నట్టు ఆమె వైపు తిరిగాడు. ముక్కు ఎడమకు లాగింది. ఆమె కుడి పెడల్ని అడుగంటా తొక్కింది. అప్పటికే చెయ్యి దాటిపోయింది. విమానం గిర్రున తిరిగి రన్‌వే పక్కకు దిగిపోయింది. కుడి చక్రం విరిగి, రెక్క నేలను గీసుకుంటూ పోయింది.

ఇద్దరికీ దెబ్బల్లేవు. ఆమె ఒంటిమీద దుమ్ము దులుపుకునేలోపే అన్నయ్య, పరుగెత్తుకొచ్చిన క్లబ్ మెకానిక్కుతో అంటున్నాడు: "చెల్లాయి కంగారుపడి బ్రేకు తొక్కేసింది. పోనీలే, ఏమనకండి."

ఆ 'పోనీలే'కి ఆమె ఒళ్లు మండిపోయింది. చిన్నప్పటినుంచీ ఇంతే. సైకిలు గోడకు గుద్దింది ఆయన, వెనక కూర్చుని కదిలిందని తిట్లు తిన్నది ఆమె.

ఆ మాట విని, తన దగ్గర నేర్చుకునేవాళ్లలో ఇద్దరు మానేశారని తెలిసిన రోజున ఆమె నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్లింది. వదిన, మేనకోడలు భోజనం బల్ల దగ్గరున్నారు. తిన్నాక మాట్లాడదామన్నాడాయన. ఆమె కూర్చోలేదు.

"చక్రాలు ఆనాక నీ పాదాలెక్కడున్నాయి అన్నయ్యా?"

"ఇప్పుడెందుకే అదంతా? నువ్వింకా బోలెడన్నాళ్లు ఎగురుతావు. ఈ వయసులో నా పరువు సంగతి చూడవా?"

"నాకు లేదా పరువు?"

మేనకోడలు చెంచా కింద పెట్టింది. "అత్త అడిగినదానికి చెప్పు నాన్నా."

"తీసేశాను" అన్నాడాయన, గోడతో చెప్తున్నట్టు.

"ఇక్కడ కాదు. రేపు క్లబ్ హ్యాంగర్లో, అందరి ముందూ చెప్పు."

చెప్పాడు, గొణుగుతూ, సగం తప్పు గాలి మీదకు నెట్టేసి. ఆమె ఆ సగాన్నీ వదల్లేదు. గాలి వచ్చి నీ కాళ్లు పట్టుకు లాగిందా అని అందరి ముందే అడిగింది. మెకానిక్కు నవ్వాపుకోలేక, కింద ఏదో పడ్డట్టు వంగి వెతికాడు.

విమానం బాగయ్యాక ఆమె మేనకోడలికి నేర్పడం మొదలుపెట్టింది. తనకూ ఇంకోసారి విమానం ఇవ్వమని అన్నయ్య అడిగితే ఇవ్వలేదు. ఇంకా కోపం పోలేదా అని వదిన ఫోన్ చేసింది. పోలేదని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది.