నర్సయ్యకు నేనిచ్చిన పెద్ద కొలువు

నా పేరు చెప్పను. మా ఊళ్లో నన్ను చూసి లేచి నిలబడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మర్యాద పోగొట్టుకునేంత మంచివాణ్ణి కాను. కానీ ఇన్నేళ్లుగా గుండె మీద మోస్తున్న బరువొకటి ఉంది. మీ దగ్గర దింపుతాను.

నాకు గర్వం ఎక్కువ. ఉండదా మరి? మగ్గాల ఇంట్లో పుట్టి, హైదరాబాదు పోయి లా చదివినవాడు మా చుట్టుపక్కల నేనొక్కణ్ణే. అరవైల మొదట్లో మేళ్లచెరువు వైపు ఒక సున్నపురాయి క్వారీలో లేబర్ ఆఫీసరుగా చేరాను. అక్కడి మేస్త్రీ నర్సయ్య. రాయి మోసే ఆడవాళ్లు పొద్దున్నే కాళ్ల కడియాలు తీసి, గుడ్డలో మూటగట్టి అతని చేతికిచ్చి గుంతలోకి దిగేవాళ్లు. సాయంత్రం మూట తీసుకుని ఇంటికి పోయేవాళ్లు. ఒక్కరూ విప్పి చూసుకోగా నేను చూడలేదు.

ఒకసారి గుంత అంచున బండ వదులైంది. దాన్ని దింపేదాకా పని లేదని నర్సయ్య అందరినీ పైకెక్కించాడు. క్వారీ యజమాని సేటుకు ఒళ్లు మండింది, అతన్ని తీసేయమన్నాడు. తీసేస్తే యూనియన్ ఊరుకోదు, కేసవుతుంది. అప్పుడు తట్టింది నాకా ఉపాయం. పెద్ద జీతం తీసుకునే సూపర్‌వైజరు చట్టం లెక్కలో కార్మికుడు కాడు, అతని తరఫున యూనియన్ కొట్లాడలేదు, నమ్మకం పోయిందని ఒక్క ముక్క రాసి పంపేయవచ్చు. కాబట్టి ముందు అతన్ని సూపర్‌వైజరును చేయాలి. పామూ చావాలి, కర్రా విరగకూడదు. అబ్బ, ఆ రోజు ఎంత మురిసిపోయానో!

నా చేతులతోనే దండ వేశాను. కూలీలు బెల్లం పంచుకున్నారు. నర్సయ్య పెండ్లాం నా కాళ్లు మొక్కితే వద్దని కూడా అనలేదు.

వానలు పడ్డాక మళ్లీ బండ కదిలింది. మళ్లీ పని ఆపాడు. ఆపుతాడని నాకు తెలుసు, దాని కోసమే కాచుకుని ఉన్నాను. యాజమాన్యానికి అతని మీద విశ్వాసం పోయిందని ఉత్తర్వు రాశాను. ఎందుకు పోయిందో రాయలేదు. యూనియన్ వాళ్లు వస్తే చట్టం చదివి వినిపించాను. వచ్చిన దారినే పోయారు.

ఆ సాయంత్రం ఆడవాళ్లు మూటలు తీసుకున్నారు. ఉత్తపుణ్యానికి అంత పెద్ద కొలువు పోతుందా, ఏదో కాజేసి ఉంటాడనుకున్నారు. ఒకామె అతని ఎదుటే మూట విప్పి కడియాలు చూసుకుంది. ఆమెను చూసి తక్కినవాళ్లూ విప్పారు. నర్సయ్య తల దించుకున్నాడు. నేను వరండాలోనే ఉన్నాను. ఇతను దొంగ కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఎందుకనలేదు? సేటుకు భయపడ్డానా? లేదు. నా ఎత్తు పారిందన్న సంబరంలో ఉన్నాను. ఛీ.

తర్వాత నా గదికి వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను.

"సార్, మీరు నన్ను గంత పెద్దజేసిండ్రు. నేనే నిలబెట్టుకోలే. సేటు ముంగట మీ ఇజ్జత్ తీసిన. ఏం జెయ్యాలె, ఆడోళ్లను ఆ బండ కింద పెట్టనీకి పానం ఒప్పలే. జర మాఫ్ చెయ్యుండ్రి."

"సరే తియ్ నర్సయ్యా. మాఫ్ చేసిన. ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఆ తర్వాత ఏ క్వారీ వాళ్లూ అతన్ని పెట్టుకోలేదు. కొల్లాపూర్ దిక్కు రోడ్డు కూలికి పోయాడని విన్నాను. వెతకలేదు. వెతికి ఏమని చెప్పాలి? ఆ ఉపాయాన్ని మాత్రం ఎన్నో చోట్ల గొప్పగా చెప్పుకున్నాను. కుర్ర వకీళ్లు శెభాష్ అన్నారు. నిజం దాచను, ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా లోపల ఎక్కడో మీసం మెలేసుకుంటున్నాను.

మీరు నన్ను మన్నించనక్కర్లేదు. తప్పు చేసింది నేను, మాఫీ అడిగింది అతను. నేను కుర్చీలోంచి లేవకుండానే ఇచ్చాను. ఇంతకాలం ఎవరికీ చెప్పనిది ఇదే. చెప్పేశాను.