గ్రేడ్ వన్, మూడో స్టేజీ

ఆ రోజుల్లో మనిషిని అనుమానించడానికి ఇప్పటిలా ఫోన్లూ కెమెరాలూ ఉండేవి కావు, ముక్కుతోనే సరిపెట్టుకునేవాళ్లం. మా అత్తయ్యకి అలాంటి ముక్కు ఉండేది. నాకు ముక్కు చాలదని మైక్రోస్కోపు కూడా ఇచ్చారు. ఏలూరులో ఒక పాథాలజీ ల్యాబులో కొత్తగా టెక్నీషియన్‌గా చేరాను. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగులద్ది డాక్టరుగారి ముందు పెట్టడం నా పని. ఆయన రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజర్లో వచ్చేవారు. "అనుమానం లేనివాడు ఈ ఉద్యోగానికి పనికిరాడయ్యా" అంటూ, నేనిచ్చిన పలకనీ నన్నూ ఒకే చూపుతో చూసేవారు. చేరిన కొత్తలోనే నేను మైక్రోస్కోపులో ఒక వింత జబ్బు కనిపెట్టాను. నల్లటి వంకర గీతలు, అటూ ఇటూ కదులుతున్నాయి. డాక్టరుగారిని కేకేసి మరీ చూపించాను. (పెళ్లిళ్లలో ఈ కథ చెప్పేటప్పుడు ఇక్కడ ఆపేసి, అందరూ నోళ్లు తెరిచాక కాఫీ తాగుతాను. మీరు కాబట్టి చెబుతున్నాను: అవి నా కనురెప్పల వెంట్రుకలు.)

అలాంటి నా చేతికి మా మావయ్య లివరు వచ్చింది. మావయ్యంటే అమ్మకి తమ్ముడు. కొల్లేటి ఒడ్డున చేపల చెరువులు, ఊళ్లో చర్చికి సంఘ పెద్ద. ప్రభువు బల్ల ఆదివారం ద్రాక్షరసం పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడిచేది ఆయనే. ఆ ఏడాది ఆయన ముఖం నల్లబడింది, అన్నం సహించడం మానేసింది, మధ్యాహ్నానికే నీరసపడి చెరువుగట్టు మీది పాకలో పడుకునేవారు. రక్తం పరీక్ష చేస్తే లివర్ని పాడుచేసే వైరస్ ఉందని తేలింది. ఎంత పాడైందో తెలియాలంటే లివరు ముక్క తీసి చూడాలన్నారు. ఊరు నమ్మలేదు. లివరు చెడిందంటే మందు కొట్టినట్టేనని ఊరి తీర్పు. పాస్టరుగారు చాలా మెత్తగా, "ఆ ముక్క పరీక్ష కూడా అయ్యేదాకా పళ్లెం ఇంకొకరు పట్టుకుంటార్లెండి" అన్నారు. మావయ్యకి జబ్బు కన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది.

అత్తయ్య ఊరికన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది. ఆయన తువ్వాలు వాసన చూసేది, చొక్కా కాలరు వాసన చూసేది, చర్చి ద్రాక్షరసం సీసా మీద బొగ్గుతో గీత పెట్టేది. "వైరస్ ఉంటే ఉండనీ అబ్బాయ్. దాని పక్కన ఇంకోటి ఉండకూడదని ఎక్కడుంది? రోజూ పాకలోకెళ్లి ఏదో సీసా ఎత్తుతున్నారు, నన్ను చూస్తే దాచేస్తున్నారు. నువ్వు మైక్రోస్కోపు చూసేవాడివి కదా, పోయి చూడు" అంది. పోయాను. కొల్లేటి నీళ్లలో పీకల్లోతు దిగి, గుర్తుపట్టకుండా నెత్తిన గుర్రపుడెక్క కప్పుకుని, కిక్కిస పొదల్లో గంటల తరబడి కాపు కాశాను. (నీళ్లు మోకాళ్ల దాకానే. జారిపడ్డప్పుడు డెక్క దానంతటదే నెత్తికెక్కింది. గంటలు కూడా కాదు, పడగానే దొరికిపోయాను.)

"ఒరే అల్లుడూ, ఆ డెక్క తీసేసి పైకి రా. జలగలుంటాయి" అన్నారు మావయ్య పాకలోంచి. చేతిలో సీసా అలాగే ఉంది. నా చూపు చూసి నా చేతికిచ్చారు. గుక్కెడు తాగాను. నాలిక చచ్చిపోయింది. లివరు బాగుపడాలని నేలఉసిరి దంచి తీసిన పసరు!

"ఇది ఇంట్లోనే తాగొచ్చుగా మావయ్యా?"

"ఇంట్లో తాగితే నేను భయపడుతున్నానని మీ అత్తయ్యకి తెలిసిపోదూ? తాగుబోతనుకుంటే అనుకోనీరా. పిరికివాడనుకుంటే ఎలా? నువ్వు నోరెత్తావంటే ఊరుకోను."

నేను నోరెత్తలేదు. కొన్నాళ్లకి పక్కటెముకల సందులోంచి సూది పెట్టి మావయ్య లివర్లోంచి ముక్క తీశారు. సేమ్యా పుల్లంత కూడా లేదు. కుళ్లకుండా ఫార్మలిన్ పోసిన సీసాలో తేలుతున్న దాన్ని ఆయన అనుమానంగా చూశారు. "నా లివరంతా ఇందులో ఉందంటావా?"

"మీరు చెరువులో ట్రయల్ వల వేసి చేప ఎంత ఎదిగిందో చెప్పట్లేదా మావయ్యా?"

"చెబుతాంరా. కానీ ఆ వల ఏ మూల వేశామో కూడా చూసుకుంటాం."

(డాక్టరుగారితో ఈ మాట నా సొంతంలా అన్నాను. "నిజమే, అదే నా భయం కూడా" అని మొదటిసారి నన్ను మెచ్చుకున్నారు. మెప్పు మాత్రం మావయ్యకి చేరవేయలేదు.)

పలక తయారుచేసి, రంగద్ది పెట్టాను. మచ్చ కట్టిన చోటల్లా నీలం పట్టే రంగు అది. డాక్టరుగారు చాలాసేపు చూసి, "గ్రేడ్ వన్, స్టేజ్ త్రీ" అన్నారు. "గ్రేడంటే ఇవాళ ఎంత చెడుతోందనేది. స్టేజంటే ఇప్పటిదాకా చెడి ఎంత మచ్చ కట్టిందనేది. నాలుగుకి వెళ్తే వెనక్కి రావడం కష్టం."

"మరి... మందు గుర్తులేమైనా?"

"ఇందులో అలాంటివేం లేవు. ఏం, మేనమామ మీద నీకూ అనుమానమా?"

పసరు నా నాలికతో రుచి చూసి కూడా ఆ ప్రశ్న అడిగాను చూశారూ! ఉద్యోగధర్మం.

రిపోర్టుతో బస్సెక్కి ఊరు చేరేసరికి చెరువులో వలలు లాగి చేపల పట్టుబడి చేస్తున్నారు. చేపల్ని గ్రేడులుగా విడదీసి, పెట్టెల్లో ఐసు కొడుతున్నారు. "ఏం తేలిందిరా?" అని మావయ్య కేకేస్తే, "గ్రేడ్ వన్, స్టేజ్ త్రీ అండి" అని నేనూ కేకేశాను. మా ఊళ్లో గ్రేడ్ వన్ అంటే కలకత్తా లారీ ఎక్కే చేప. మిగతాది గంపల్లో పోతుంది. "గ్రేడ్ వన్నా! విన్నావటే? కలకత్తా సరుకు నా లివరు!" అన్నారాయన. కూలీలు చప్పట్లు కొట్టారు. అత్తయ్య మాత్రం కూర్చున్న పెట్టె మీంచి లేవలేదు.

"రెండోది ఏదో అన్నావ్ అబ్బాయ్."

"స్టేజ్ త్రీ అత్తయ్యా."

"ఏలూరు బస్సుకి మన ఊరు మూడో స్టేజీ. దీని తర్వాత ఒకటే స్టేజీ. ఆ పైన రోడ్డు లేదు, నీళ్లే. ఈయన్ని ఎక్కడ దింపారో సరిగ్గా చెప్పు."

చప్పట్లు ఆగిపోయాయి. చెడడం, మచ్చ, నీలం చారలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకడం... ఏదేదో చెప్పాను. మావయ్య కొల్లేటి వైపు తిరిగారు. "చెరువు గట్లన్నమాట" అన్నారు. "మనం కొల్లేట్లో వేసినట్టే. అడ్డంగా అన్నీ వేసేస్తే ఇక కొల్లేరుండదు, చెరువులే ఉంటాయి. అదేనా నాలుగో స్టేజీ?"

"అదేనండి. మీవి చాలా పడ్డాయి గానీ, నీళ్లు తిరగడానికి దారి ఇంకా ఉంది."

"మరి గ్రేడంటే?"

"ఇవాళ గట్లు వేస్తున్న పొక్లెయిన్లండి."

"ఎన్ని తిరుగుతున్నాయి?"

"ఒక్కటేనండి."

"ఒక్కదాన్నైతే ఆపించొచ్చు" అన్నారు మావయ్య, గొంతు తగ్గించి.

"మందు గుర్తుల్లేవన్నారు అత్తయ్యా" అన్నాను ఎవరూ అడక్కుండానే. "అయితే ఆ సీసా ఏంటి?" అందావిడ. మావయ్య నావైపు ఉరిమి చూసి, పాకలోంచి తెచ్చి ఇచ్చారు. వాసన చూసింది. నమ్మకం కుదరక గుక్కెడు తాగింది. ముఖమంతా ముడతలు పడింది. "ఏవండీ, రోజూ ఇదే తాగుతున్నారా? ఇంతకన్నా మందే నయమండీ!" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. చేదుకి వచ్చిన నీళ్లేనంది. నాకు అనుమానమే.

రోజూ మాత్రలు వేసుకుంటూ మావయ్య ముసలితనం నిండేదాకా బతికారు. మళ్లీ పళ్లెం పట్టుకున్న మొదటి ఆదివారం, తన వరస దాటుతుంటే అత్తయ్య అలవాటుకొద్దీ ముక్కు ఎగబీల్చడం నేను చూశాను. ఆ గట్ల పోలిక నాదేనని నా తర్వాత చేరిన టెక్నీషియన్లందరికీ చెప్పుకున్నాను. ఎవరిదో మీకిప్పుడు తెలిసిపోయింది. పొక్లెయిన్లు మాత్రం నావే. (సరే, అప్పుడు అవతలి ఒడ్డున ఒకటి రొద చేస్తోంది. చూసి అన్నాను.)

మొన్న నా లివర్ని కూడా చూశారు. ఇప్పుడు సూదీ లేదు, ముక్కా లేదు. పక్కటెముకల మీద ఒక గొట్టం ఆనించి, "స్టేజ్ వన్ కూడా లేదండి తాతగారూ" అంది అక్కడి టెక్నీషియన్ అమ్మాయి. "గ్రేడెంతమ్మా?" అన్నాను. "ఈ మెషిను గట్టిదనం చూసి స్టేజే చెబుతుందండి, గ్రేడు చెప్పదు" అంది. ఇంటికొస్తూ బస్సులో కుడిపక్క చెయ్యేసుకుని, లోపల ఎక్కడైనా పొక్లెయిన్ చప్పుడు వస్తుందేమోనని విన్నాను. వచ్చింది! దిగాల్సిన స్టేజీ దాటిపోయేదాకా వింటూనే ఉన్నాను. తీరా చూస్తే ఆకలి. కనురెప్పల వెంట్రుకల్ని జబ్బనుకున్న ఆ కుర్రాడు ఇంకా నాతోనే తిరుగుతున్నాడన్నమాట. మావయ్య ఉంటే, "డెక్క తీసేసి పైకి రారా" అనేవారు.