మడత విప్పే ముందు

మెడిసిన్ ఫైనలియర్‌లో మా గైనిక్ మేడమ్ వెంట రౌండ్స్‌కి వెళ్ళడమంటే, ఆవిడ జోకులకు నవ్వడానికి వెళ్ళడమే. అవి అంత గొప్ప జోకులేం కావు. కాస్త లావుపాటి మనిషి కనిపిస్తే, ఈ మంచానికి దండం పెట్టాలి అనేవారు. మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయి కాబట్టి ఇరవై మందిమీ ఇకిలించేవాళ్ళం. రేపటి డాక్టర్లం మరి.

ఓ సోమవారం మంగళగిరి నుంచి వచ్చిన ఒకామె మంచం దగ్గర ఆగాం. నలభై దాటిన మనిషి. మొగుడూ పెళ్ళాలిద్దరూ మగ్గం నేస్తారు, పిల్లల్లేరు. అండాశయంలో పెద్ద గడ్డ, శుక్రవారం ఆపరేషన్. ఈ వివరాలన్నీ పొద్దున్నే అడిగి కేస్ షీట్‌లో రాసింది నేనే. మేడమ్ దుప్పటి లాగేసి, చీర కుచ్చిళ్ళు కిందికి జరిపి, "ఎన్నో నెలమ్మా?" అన్నారు.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

"బంగారంలాంటి కేసు. ఒక్కొక్కరే చెయ్యి వేసి చూడండి" అన్నారు మేడమ్. ఇరవై మందీ వరసగా నొక్కి చూస్తుంటే ఆమె గోడవైపు మొహం తిప్పుకుని పడుకుంది.

మధ్యాహ్నానికి మంచం ఖాళీ. "గురువారం ప్రాక్టికల్స్‌కి అలాంటి కేసు ఎక్కణ్ణుంచి తెస్తాం? వెళ్ళి తీసుకురా" అని మేడమ్ నన్ను తరిమారు. ఆపరేషన్ మాటే ఎత్తలేదు.

ఆమె బెంజ్ సర్కిల్ దగ్గర మంగళగిరి బస్సు కోసం నిలబడి ఉంది.

"ఆపరేషన్ మానేస్తే ప్రాణం మీదికొస్తుందండీ. మేడమ్ ఏదో సరదాకన్నారు" అన్నాను.

"మా ఇంటికి చీరలు చూడ్డానికొస్తారమ్మా. మీ మేడమ్ గారు కట్టుకున్నారే, అలాంటివే. మడత విప్పే ముందు వాళ్ళు కూడా చూడొచ్చా అండీ అని అడుగుతారు" అంది. నా వైపు తిరిగి, "పిల్లల్లేరని నీకు తెలుసు. అయినా నవ్వావు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "తప్పయిందండీ. ఇక మిమ్మల్ని అడక్కుండా చెయ్యి వెయ్యను" అన్నాను. బస్సొచ్చింది. ఆమె ఎక్కలేదు.

గురువారం పరీక్షలో నాకు ఆమే కేసుగా వచ్చింది. పక్కనే మేడమ్, ఆవిడ పక్కన బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్.

"చూడొచ్చా అండీ?" అని అడిగాను.

ఆమె నా మొహంలోకి చూసి, "వద్దమ్మా" అంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గడ్డ ఎంతుందని ఎగ్జామినర్ అడిగితే, "చూడలేదు సార్, ఆవిడ వద్దన్నారు" అన్నాను. "పేషెంట్ వద్దంటే ఇంటికెళ్ళి వంట చేసుకో" అన్నారు మేడమ్. మిగతా వాళ్ళు నవ్వారు.

ఆమెకు మర్నాడు ఆపరేషన్ బాగానే జరిగింది. నేను ఆర్నెల్ల తర్వాత ఆ పరీక్ష మళ్ళీ రాశాను. తెలిసీ నవ్విన నవ్వుకి ఆ శిక్ష చాలా తక్కువ.